కాగితాలు పంచే పని

"కాగితాలన్నీ క్లాసు మొదట్లోనే ఇచ్చేస్తే పోలా? మాటిమాటికీ లేచి ఒక్కొక్కటే పంచడం దేనికిరా?" అంది అక్క.

"నువ్వు పంచక్కా, చాలు. గది ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, నిదానంగా," అన్నాడు తమ్ముడు.

వచ్చే నెల వాళ్ళు తెరవబోయేది యానిమేషన్ నేర్పే శిక్షణ కేంద్రం. దానికోసం అక్క తన కుట్టుమిషన్ను వంటింట్లోకి నెట్టేసి ముందుగది ఖాళీ చేసిచ్చింది. ఇన్నాళ్ళకు తనకూ ఒక ఉద్యోగం అనేసరికి ఆమెకు కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

"మన మొదటి పాఠం చూడక్కా," అంటూ తమ్ముడి స్నేహితుడు కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

తెరమీద లావుపాటి బాతొకటి అడుగడుక్కీ ఎడమపక్కకు ఒరిగిపోతూ, మళ్ళీ ఎగిరి నిలదొక్కుకుంటూ నడిచింది. అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"ఎక్కడ దొరికిందిరా మీకీ బాతు?"

స్నేహితుడు తెల్లబోయాడు.

"అదేంట్రా, అక్కకి చెప్పలేదా? తను కాగితాలు పంచుతుంటే పిల్లలు రోజూ చూసి గీయాల్సింది ఈ నడకనేగా?"

అక్క నవ్వు ఆగిపోయింది. పోలియోతో చిక్కిపోయిన తన ఎడమకాలి వంక ఒకసారి చూసుకుంది. తర్వాత లేచి, గోడ పట్టుకుని, ఆ కాలిని బలవంతాన నిటారుగా మోపుతూ వంటింటి వైపు కదిలింది.

వెనకాల తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు.

"చెడగొట్టావు కదరా! ఇక చచ్చినా మామూలుగా నడవదు."