బోర్డు లేని బల్ల

అంతా చేసి ఒక పెన్సిల్. జుట్టులో గుచ్చి తల ఊపమంటారు. ఆగితే ఒక జాతి, రాలితే ఇంకో జాతి. దేవుడు ఏడో రోజు సెలవు తీసుకున్నది ఇందుకేనేమో, మిగిలిన పని వీళ్ళకు వదిలేశాడు, అనుకుంది లేనీ.

వెంటనే ఆ ఆలోచనకు తానే భయపడింది. గోడకు అవతల కూర్చున్న ముగ్గురు అధికారులకు తన మనసులో మాట వినిపిస్తోందన్న భ్రమ ఆమెకు ఈ ఏడాదే పట్టుకుంది.

కేప్‌టౌన్‌లో ప్రతి బల్లకూ, ప్రతి తలుపుకూ బోర్డు ఉంది: తెల్లవారికి, తెల్లవారు కానివారికి. జాతి మార్పు కోరి వచ్చేవాళ్ళు కూర్చునే ఈ బల్లకు మాత్రం లేదు. దీనిమీద కూర్చున్నంతసేపూ ఎవరూ ఏదీ కారు.

పక్కన కూర్చున్నావిడ పేరు పెట్రోనెల్లా. బట్టలు కుడుతుంది. కాల్చిన దువ్వెనతో సాగదీసిన ఆమె జుట్టు ఇంకా కమురు వాసన వేస్తోంది.

"ఎన్నోసారి తల్లీ?"

"రెండోది."

"నాకు నాలుగోది. ఇంకోసారి వస్తే ఆ బంట్రోతుకిచ్చి పెళ్ళి చేసేస్తారు నాకు. ఏడాది చివర లెక్క చెప్తారు చూడు, ఇంతమంది ఇటునుంచి అటు, ఇంతమంది అటునుంచి ఇటు అని. ఈ ఏడు ఆ లెక్కలో నేనుండాల్సిందే." ఆమె లేనీని ఎగాదిగా చూసింది. "నీకేంలే, పాలమీగడలా ఉన్నావు. చూడగానే సంతకం గీకేస్తారు."

ఆ మాట లేనీకి ధైర్యం ఇవ్వలేదు.

"మొగుడి కోసమా?"

"అవును. ఆయన గుర్తింపు కార్డు మీద ఒక జాతి ఉంది, నా కార్డు మీద ఇంకోటి. పెళ్ళి చెయ్యరు. ఒకింట్లో ఉంటే జైలు. పాపకి జనవరిలో బడి."

మార్చిలో పోలీసులు తెల్లవారకముందే వచ్చి, పక్కలో రెండోవైపు దుప్పటి వెచ్చగా ఉందేమోనని చేత్తో తడిమి చూశారు. ఆ వారమే పాప తండ్రి బేసిల్ వేరే గదికి మారిపోయాడు. దారిలో పోలీసు కనిపిస్తే కూతురు డీలియా చేయి వదిలేసి, ఎవరి పిల్లో అన్నట్టు నడవడం లేనీకి అలవాటైంది. జూన్‌లో ఒకరోజు, దారిలో ఎవరూ లేకపోయినా, చేయి వదిలింది పాపే. మర్నాడే లేనీ దరఖాస్తు పెట్టింది.

"మీవాళ్ళేమన్నారు?" అంది పెట్రోనెల్లా.

"అమ్మ మాట్లాడటం మానేసింది. మా అమ్మమ్మ బాప్తిస్మం కాగితాన్ని అమ్మే పెట్టె అడుగున దాచుకుంది. అందులో అమ్మమ్మ జాతి రాసి ఉంది. నేను తీసుకొచ్చేశాను."

"కొట్టేశావని చెప్పు!" పెట్రోనెల్లా మెచ్చుకోలుగా మోచేత్తో పొడిచింది.

"మాట్లాడటం మానేసే ముందు అమ్మ, తేనెతుట్టె కదపకే, అందర్నీ కుడతాయి అంది. అటు పోతే ఇక వీధిలో కనబడ్డా పలకరించకు అంది."

"మా అక్క అటు పోయి ఆరేళ్ళు. ఎదురైతే కొట్టు అద్దంలోకి మొహం తిప్పేస్తుంది. ఈ ఊళ్ళో అద్దాల్లోకి చూసేవాళ్ళంతా టోపీలు బేరమాడుతున్నారనుకోకు."

"మరి నువ్వు వెళ్ళాక?"

"నేనూ తిప్పుకుంటాను." పెట్రోనెల్లా నవ్వబోయి ఆగింది. "కనీసం ఇద్దరం ఒకే అద్దంలో కనబడతాం."

తలుపు తెరుచుకుంది. "మిస్ హాలెట్, రండి."

పెన్సిల్ మొదటిసారి రాలిపోయింది. రెండోసారి చెవి వెనక ఆగిపోయింది. ఆ ముగ్గురిలో డాక్టరైనవాడు పెదవి విరిచాడు. "దీంతో తేలేట్టు లేదు."

విచారణ అధ్యక్షుడు అమ్మమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చదివాడు. తర్వాత మెత్తగా అన్నాడు:

"చూడండి, దీన్ని లెక్కలోకి తీసుకుంటే మీ అమ్మగారి కార్డు, మీ తమ్ముడి కార్డు కూడా మళ్ళీ తెరవాల్సి రావచ్చు. అతని ఉద్యోగం సంగతీ ఆలోచించండి. ఇప్పుడైనా ఇది మా ఇంటి కాగితం కాదనండి. చింపేస్తాం. మీరు మీ ఇంటికి, మేం మా ఇంటికి."

కాగితం పోయిందని తెలిసిన రోజు అమ్మ పెట్టెలో బట్టలన్నీ తీసింది, మడిచి పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ చేతులు లేనీకి ఇప్పుడు కనిపించాయి. అమ్మకు ద్రోహం చేస్తున్నానా? చేస్తున్నాను. దానికి ఇంకో పేరు వెతకడానికి నెలల తరబడి ప్రయత్నించి ఓడిపోయింది. ఆ చేతుల పక్కనే ఇంకో చేయి కనిపించింది, చిన్నది, తనను వదిలించుకుని గౌను జేబులోకి వెళ్ళిపోయినది.

"మా అమ్మమ్మదే," అంది.

ముద్ర పడింది.

"ఇక్కడ సంతకం చెయ్యి," అన్నాడు అధ్యక్షుడు కాగితం తోస్తూ. "కార్డు తర్వాత వస్తుంది. అందాకా ఇది చూపించు. ఇక పో."

బయట పెట్రోనెల్లా లేచి నిలబడింది. "ఇచ్చారా?"

"ఇచ్చారు."

"అదృష్టవంతురాలివి." ఆమె కళ్ళు నిండాయి. "ఎప్పుడైనా ఎదురుపడితే అద్దం చూడకేం. నన్ను చూడు."

"చూస్తాను."

"అందరూ ఇలాగే అంటారే అమ్మా."

స్టేషన్‌లో గాలి దుమ్ము రేపుతోంది. బేసిల్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఆమెకే ఇచ్చేశాడు.

"మీ అమ్మగారికి..."

"ఇప్పుడు అడక్కు బేసిల్."

డీలియా ఇద్దరి మొహాల్లోకీ చూసింది. "ఇప్పుడు నిన్ను అందరి ముందూ అమ్మా అని పిలవొచ్చా?"

"పిలువు. గట్టిగా పిలువు."

పాప పిలవలేదు. అలవాటు లేక సిగ్గుపడింది.

రైలు వచ్చి ఆగింది. పుట్టినప్పటినుంచీ తాను ఎక్కుతూ వచ్చిన తెల్లవారి పెట్టెను దాటి, లేనీ బేసిల్ వెనకే తెల్లవారు కానివారి పెట్టె ఎక్కింది.