మూడు కాళ్ల ఏనుగు

కెలవరపల్లి డ్యాం గేట్లన్నీ ఎత్తేసి, నురగ నీళ్లు రోడ్డెక్కిన ఏడాది అది.

“ఇదో, వింటిరా? మళ్లా ఏనుగు వచ్చి పోయిందంట! ఈ తూరి కుంటలో జేసీబీ పక్కనే అడుగులు,” అంటూ పుట్టమ్మ వాకిట్లోకి వచ్చింది.

ఆమె భర్త మారియప్ప దేవాంగపిల్లి బొమ్మకు కళ్లు తీరుస్తున్నాడు. “ఊ,” అన్నాడు.

బేరిగై పక్కన ఆ ఊళ్లో కుమ్మరి పని మిగిలింది ఆ ఒక్క ఇంట్లోనే. కుండలు కొనేవాళ్లు తగ్గాక, చుట్టుపక్కల అడవిలో తిరిగే జంతువుల్ని మట్టితో చేసి కాల్చడం మొదలుపెట్టాడు మారియప్ప. ఎలుగుబంటి, నీటికుక్క, అడవిపంది. హోసూరులో ఒక పార్కు వాళ్లు నిజం ఏనుగు కూనంత బొమ్మ కావాలన్నారు. అంత బొమ్మ కుండలు కాల్చే ఆవంలో పట్టదు. అందుకని కాళ్లు బోలుగా చేసి వేరుగా కాల్చాడు. మూడు అతికించాడు. నాలుగో కాలి చోట దుంగ ఆనించుకుని ఏనుగు వసారాలో నిలబడి నెల దాటింది.

“ఆ కాలు ఎప్పుడు పెడతారు? పార్కోళ్లు ఫోను మీద ఫోను చేస్తా ఉండారు.”

“దానికింకా పనుంది.”

“కుంట పూడ్చేస్తే ఇంక ఏం పనుంటుంది మనకు!” అంది పుట్టమ్మ.

నిజమే. ఊరి కుంట మట్టి తప్ప ఏది తెచ్చినా ఆవంలో పగిలిపోతుంది. ఆ కుంటనే ఇప్పుడు పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు.

మధ్యాహ్నం లేఅవుట్ సూపర్‌వైజరు జితేంద్ర వచ్చాడు. వెంట అడవి వాచరు చెన్నకేశవ.

“పెద్దాయనా, ఈ కుంటకి ఎప్పుడైనా ఏనుగులొచ్చేవా? మా డ్రైవర్లు బండెక్కం పొమ్మంటున్నారు.”

“మా నాయన కాలంలో మంద నీళ్లకు ఈడికే వచ్చేది. అవి నడిచే దావ ఇదే.”

చెన్నకేశవ అడుగులు కొలిచిన టేపు చుట్టుకుంటూ తల ఊపాడు. “అన్నీ కూన అడుగులే. తల్లి గట్టు బండల మీద నడిచింటుంది. కూన ఉండే మందకు అడ్డం పోతే మనిషి మిగలడు సార్.”

“అన్ని అడుగులూ ఒకే సైజున్నాయేంటి?”

“ముందుకాలు పెట్టిన చోటే వెనకకాలు పెడుతుంది. మీ ఊర్లో ఏనుగుల్లేవా?”

“మా నెల్లూరులో దోమలున్నాయి,” అంటూ జితేంద్ర వసారాలోకి చూశాడు. “ఇదేంటి, కుంటి ఏనుగా?”

“మా ఆయన మాదిరే సార్. ఒక చోట పెడితే ఆడే ఉంటుంది,” అంది పుట్టమ్మ.

మారియప్ప నవ్వలేదు.

అడవి శాఖ పై అధికారులు రెండుసార్లు వచ్చి కుంట చూసిపోయారు. వాళ్లు వచ్చిన రెండుసార్లూ బురదలో కొత్త అడుగులు ఉన్నాయి. పది రోజులకు చెన్నకేశవ సైకిలు దిగకుండానే కేక వేశాడు.

“మారియప్పా! కాయితం వచ్చింది. ఇది ఏనుగుల దావ, కుంట జోలికి ఎవురూ రాకూడదని రాసినారు. జేసీబీ వెళ్లిపోయింది!”

పుట్టమ్మ కుంట వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. “ఏ తల్లి కన్న కూనో, చల్లగుండాల!”

“ఊ,” అన్నాడు మారియప్ప.

మరునాడు పొద్దున్నే అతను నాలుగో కాలికి అంటిన కుంట బురదను కడిగి, దాన్ని ఏనుగుకు అతికించాడు.