పప్పు అంటని రొట్టె

"నోరు దెరువు! దెరువుమంటె ఇనవడ్తలేదా?"

భాగమ్మ పిల్లాడి దవడలు పట్టి జొన్నరవ్వతో వండిన గట్కముద్ద నోట్లోకి నెట్టింది. మూడేళ్ల బీరన్న దాన్ని ఆమె చీర మీదే కక్కాడు.

"జొన్నగట్క గూడ పడకుంటె రాజులింట్ల పుట్టాలె గద!" అంటూ భాగమ్మ కొంగు దులుపుకుంది.

పిల్లాడి తల్లి జంగమ్మ, ఈ ఇంటికి దూరపు చుట్టం, గడప బయటే కూర్చుంది. కుల్కచర్ల నుంచి తాండూరుకు బండి కట్టించుకుని వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. నీళ్లిస్తే చెంబు ఎత్తి పట్టి గొంతులో పోసుకుంది. ఆమె మొగుడు శంకరప్ప వీధి చివర బండి దగ్గరే ఆగిపోయాడు.

"పొద్దుగాల సంది ఏం ముట్టలే. నిన్న బొంరాస్‌పేటల మా వదినె ముక్కు మూసి గంజి పోసింది, కక్కిండు. రేపు నేను రైలెక్కాలె. యాదమ్మను జర సూడమనుండ్రి."

"యాదమ్మనా? మొగడు వోయి, మారుమనువుకు ఒక్కడు రాని దానికి పిల్లగాండ్ల సంగతి ఏమెరుక?"

పొయ్యి దగ్గర యాదమ్మ రొట్టె తిప్పింది. పోలీసు చర్య జరిగిన ఏడాది మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఈ అన్న ఇంట్లోనే ఉంటోంది. వదిన మాటలు ఆమెకు కొత్త కావు. ఆమె పిల్లాడి వేళ్లను చూస్తోంది. గట్క అంటిన వేళ్లను వాడు నేలకు రాస్తున్నాడు, గట్క పోయినా రాస్తూనే ఉన్నాడు.

భాగమ్మ చీర కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. యాదమ్మ వచ్చి పిల్లాడి వేళ్లు తుడిచింది. రొట్టె మీద పప్పు వేసి ముందు పెట్టింది. వాడు మొహం తిప్పుకున్నాడు. కానీ పప్పు అంటని అంచు వైపు ఒకసారి చూశాడు.

ఆమె పళ్లెం తీసేసింది. ఇంకో రొట్టెను నిప్పుల మీద గట్టిపడేదాకా కాల్చి విరిచింది. ఆ చప్పుడుకు వాడు తలెత్తాడు. ముక్కలు ముందు పెట్టి ఆమె అటు తిరిగి కూర్చుంది.

"నేను సూడనురా. నీ ఇష్టం."

తర్వాత వెనక కరకర వినిపించింది. మళ్లీ వినిపించింది.

జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు దగ్గుగా మారింది.

"తడి అంటితె వానికి పడది అక్కా. మెత్తటిది మింగడు. ఎండురొట్టె వెట్టి మొకం దిక్కు సూడకు, తింటడు," అంది యాదమ్మ.

జంగమ్మ మూట విప్పింది. అందులో గట్టిగా కాల్చిన రొట్టె ముక్కలు ఉన్నాయి. పప్పు వేరే గిన్నెలో ఉంది.

"నీకు ముందే ఎరుకనా? ఎరుకుండి పస్తు వెట్టినవా? తల్లివేనా నువ్వు?" అంది యాదమ్మ.

"చెప్తె ఎవరైన నాలుగు దినాలు చేస్తరు చెల్లె. చెప్పకుంట తెల్సుకునెటోళ్లు గావాలె నాకు."

"ఎందుకు?"

"వికారాబాద్ గుట్ట మీది టీబీ దవాఖానకు పోతున్న. మల్ల వచ్చేది లేదన్నరు."

మళ్లీ దగ్గొచ్చింది, అది ఆగేదాకా జంగమ్మ వీధి చివరి వైపే చూసింది.

"మా ఆయన బండి కాడున్నడు, నచ్చుతడో లేదో సూస్తవా చెల్లె?"