తనిఖీ చేస్తే క్యాబేజీ

స్టేషన్‌లో ఎవడో లీకువీరుడున్నాడు. కర్ణాటక నుంచి హోసూరుకు గుట్కా మోసే లారీని సరిహద్దులోని జూజువాడి దగ్గర ఎప్పుడు ఆపినా క్యాబేజీలే దొరుకుతున్నాయి. ఆపని రోజు మాత్రం ఊరంతా గుట్కా. పోలీసులకు గుట్టూ దొరకదు, గుట్కా దొరకదు.

ఇన్‌స్పెక్టర్ ధనశేఖర్‌కు ధనం పేరులోనే తప్ప చేతిలో కనబడదని ప్రతీతి. లీకు అరికట్టడానికి ఆయనే ప్రత్యేక టీమ్ వేశాడు. అంతవరకు స్టేషన్‌లో టీ ఉండేది, వర్కుండేది కాదు. టీమ్‌వర్కు అన్నాక టీ ఇంకాస్త పెరిగింది.

దాడికి ముందు అందరి ఫోన్లూ, తనదానితో సహా, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఆపైన భక్తి. జీపును గేటు బయటకు తెప్పించి, చక్రాల కింద స్వహస్తాలతో నిమ్మకాయలు పెట్టి, ఎదుటి టీకొట్టు జనమంతా చూస్తుండగా కర్పూరం వెలిగించేవాడు. ఇక్కడ నిమ్మకాయలు నలిగేవి. అక్కడ క్యాబేజీలు నవ్వేవి.

అనుమానం కానిస్టేబుల్ ఉదయశ్రీ మీద పడింది. ఊత్తంగరై నుంచి కొత్తగా బదిలీ అయి రావడమే ఆమె చేసిన నేరం.

"ఇంకోసారి క్యాబేజీ దొరికిందంటే నీకు సస్పెన్షనేనమ్మా," అన్నాడు ధనశేఖర్, కన్నతండ్రిలా బాధపడుతూ. "ఆర్డరు టైపు కూడా అయిపోయినాది."

మర్నాడు ఆయన కృష్ణగిరిలో నిజాయితీ మీద ఉపన్యాసం దంచడానికి వెళ్లాడు. ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా, స్టేషన్‌కు డీఎస్పీ ఫోను. సరిహద్దు అవతల లారీకి లోడు ఎక్కుతోంది, వెంటనే పొమ్మని.

హెడ్ కానిస్టేబుల్ లక్ష్మణప్ప గీత దాటని మనిషి. జీపు ఎక్కకుండా నసిగాడు.

"నిమ్మకాయలు యాడన్నా దొరుకుతాయేమో చూసొస్తా, ఉండు ఉదయమ్మా. పెట్టకుండా పోతే సారు నన్ను పిండేస్తాడు."

"నువ్వు నిమ్మకాయలకు పోతే ఈడ నా ఉద్యోగం పులిసిపోతాదన్నా. ఎక్కు."

"దిష్టి తగిలితే?"

"ఇన్నాళ్లూ ఆ క్యాబేజీలకే తగల్లేదు, మనకేం తగుల్తాదిలే. ఎక్కన్నా."

జూజువాడి దగ్గర లారీని ఆపారు. టార్పాలిన్ లాగితే పచ్చగా, గుండ్రంగా క్యాబేజీలు. ఉదయశ్రీ కళ్ల ముందు ఆ టైపు చేసిన ఆర్డరు ఆడింది. లక్ష్మణప్ప మాత్రం లారీ ఎక్కి, పై వరస క్యాబేజీలు పక్కకు దొర్లించాడు. అడుగంతా గుట్కా మూటలే.

"ఉదయమ్మా," అని అరిచాడు పైనుంచి, "నీ ఉద్యోగం ఈడే ఉండాది, మూటలు మూటలుగా."

డీఎస్పీ వచ్చాడు. ఆయన వెనకే, ఉపన్యాసాన్ని సగంలో వదిలేసిన ధనశేఖర్ చెమటలు కక్కుతూ దిగాడు.

"అంతా మా టీమ్‌వర్కు సార్," అంటూ సెల్యూట్ కొట్టాడు.

లారీ డ్రైవరు అంజినప్ప బేడీల చేతులతోనే ధనశేఖర్ ముందుకొచ్చి, నిష్ఠూరంగా అన్నాడు:

"టీకొట్టులో ఉండే మావాడికి జీపు కింద నిమ్మకాయలు కనపడితే క్యాబేజీ, కనపడకపోతే గుట్కా ఎక్కించమని మీరే గదా సార్ చెప్పినారు, ఇట్ల పూజ చేయకుండా మీవాళ్లను పంపిస్తే రేపటినుంచి మిమ్మల్ని ఎట్ల నమ్మేది?"