బ్రేకు చూశాకే

"హేండిలు వదులు తాతా. ఏడింటికల్లా అక్కడుండాలి," అంది భాను.

కూర్మయ్య వదల్లేదు. గార్డెన్‌రీచ్‌లో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని ఓడరేవు గల్లీ అది. గుమ్మం ముందు, మనవరాలి కొత్త ఎలక్ట్రిక్ సైకిలుకి అడ్డంగా నిలబడ్డాడాయన. డాకులో ముప్పై నాలుగేళ్లు ఓడల బస్తాలు మోసి రిటైరైన మనిషి. డెబ్బై ఆరొచ్చినా పట్టు పట్టే.

"బ్రేకు సూశావేటి?"

"షాపులో చూసే ఇచ్చారు."

"షాపోడు నిన్న సూశాడు. ఈవేళ నువ్వు సూడాల."

గుమ్మంలో టీ తాగుతున్న ఆనందరావు, కూతురి వైపు చూడకుండానే అన్నాడు. "నిన్ననే చెప్పాను కదమ్మా. తాత చూసి సరేనంటే వెళ్లు. లేదంటే బండి సాయంత్రం షాపుకి తిరిగిచ్చేద్దాం."

ఖిదిర్‌పూర్‌లో ఒక లేబొరేటరీ వాళ్లు భానుకి ఉద్యోగమిచ్చారు. ఇళ్లకు వెళ్లి రక్తపరీక్షకు శాంపిళ్లు తీసుకొచ్చే పని. సొంత బండి ఉంటేనే రమ్మన్నారు. ఇవాళే మొదటి రోజు. ఆ ట్రక్కుల రోడ్డు మీద కూతురు సైకిలు తొక్కడం ఆనందరావుకి ఇష్టం లేదు. కాదనే పని తన తండ్రి చేసిపెడతాడని ఆయన ధైర్యం.

కూర్మయ్య లుంగీ ఎగ్గట్టి గొంతుక్కూర్చున్నాడు. రెండు టైర్లూ బొటనవేళ్లతో నొక్కాడు. ముందు చక్రం ఎత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నంతగా వంగి విన్నాడు. స్పోకుల్ని ఒక్కొక్కటే వేలితో మీటాడు.

భార్య అన్నపూర్ణ బతికున్నన్నాళ్లూ పొద్దున్నే ఇదే పని. లోపల ఆవిడ జడ వేసుకుంటుంటే, బయట ఈయన నల్ల సైకిలు ముందు కూర్చునేవాడు. ముందు డాకు గేటు, ఆ తర్వాత ఆవిడ ఆయాగా పనిచేసే కార్పొరేషన్ డిస్పెన్సరీ. ఇద్దరు మనుషులకు ఒకటే సైకిలు. వానొస్తే ఒకటే గొడుగు. ఆవిడ జడలోని కొబ్బరినూనె వాసన దారి పొడుగునా ముక్కుకి తగిలేది. ట్రాము పట్టాల్లో చక్రం పడకుండా వంకర్లు తిరుగుతూ పోతుంటే, టీకొట్టు దగ్గర కూలీలు చూసి నవ్వేవారు.

"నవ్వనీ. ఆళ్లకేటి పని," అనేది అన్నపూర్ణ.

ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, ఆలస్యమైందని ఆయన బ్రేకు చూడలేదు. వంతెన దిగుతుంటే అది పట్టలేదు. ఇద్దరూ పడ్డారు. ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. ఆవిడ మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో ఆవిడ తిట్టలేదు. "రేపట్నించి నువ్వు సూశాకే కదుల్దాం" అని మాత్రం అంది. అంతే, తర్వాత ఇరవై ఏళ్లలో ఏ పూటా అది తప్పలేదు. అన్నపూర్ణ మోకాళ్లు అరిగి సైకిలు మూలపడ్డాక కూడా, కొన్నాళ్లు ఆయన పొద్దున్నే లేచి చక్రాలు తిప్పి చూసేవాడు. ఆవిడ పోయేనాటికి భానుకి ఐదేళ్లు. మామ్మంటే ఆ పిల్లకి గోడ మీది ఫొటోయే.

కూర్మయ్య లేచి, ముందు బ్రేకు గట్టిగా నొక్కి బండిని తోశాడు. చక్రం ఆగకుండా జారింది.

"పట్టడం నేదు."

ఆనందరావు టీ గ్లాసు కింద పెట్టాడు. "చూశావా? కొత్త బండే ఇలా ఉంటే రేపేమవుతుంది? తిరిగిచ్చేద్దాం."

భాను కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇవాళ వెళ్లకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"తిరిగిచ్చీమని నానన్నానా?" అన్నాడు కూర్మయ్య. "పానా పట్రా అమ్మా."

బిగించడం ఆయన చెయ్యలేదు. వైరు ఎంత లాగాలో, నట్టు ఎక్కడ ఆపాలో చూపించి, భాను చేతే చేయించాడు. మళ్లీ తోయించాడు. ఈసారి చక్రం నిలబడిపోయింది. వెనక బ్రేకూ చూశారు. గొలుసూ, లైటూ, గంటా అయ్యాయి.

"ఇదేటి?" అన్నాడు నల్లటి పెట్టె చూపించి.

"బేటరీ. తాళం పడిందో లేదో ఇలా లాగి చూడాలి. ఛార్జింగ్ నాలుగు గీతలూ ఉన్నాయి. ఇంకోటి చూడు తాతా." భాను వెనక చక్రం పైకెత్తి మోటారు తిప్పింది. బ్రేకు వేలితో ముట్టుకోగానే మోటారు ఠక్కున ఆగిపోయింది.

కూర్మయ్య అది మూడుసార్లు చేయించుకుని చూశాడు.

"ఇది మాకు నేకపోయింది," అన్నాడు నెమ్మదిగా.

"అమ్మ చేతికట్టు నాకింకా గుర్తుంది నాన్నా," అన్నాడు ఆనందరావు.

"నాకూ గురుతే. కట్టు ఇప్పిన మర్నాడే సైకిలెక్కింది. అది గురుతుందా నీకు?"

ఆనందరావు లోపలికెళ్లి కూతురి హెల్మెట్ తెచ్చాడు. తనే పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, వేలు దూర్చి చూశాడు.

"ఠీక్ ఆచే బాబా, సరిగ్గానే ఉంది," అని నవ్వింది భాను. ఫోన్లో టైము చూసుకుంది. "ఇంకా పది నిమిషాలుంది తాతా. గల్లీ చివరిదాకా నువ్వు తొక్కు. నేను వెనక కూర్చుంటాను, మామ్మలాగ. కాళ్లకి బలం కూడా అక్కర్లేదు, మోటారే లాగుతుంది."

కూర్మయ్య ఖాళీ సీటు వైపు కాసేపు చూశాడు. తర్వాత హేండిలు మనవరాలి చేతుల్లో పెట్టాడు.

"నాకు తొక్కడం ఎక్కడొచ్చమ్మా, తొక్కినదంతా మీ మామ్మే."