చెంచమ్మ వంతు ఆకాశం

ఊళ్లో ఇంటికింత ఆకాశం పంచి ఏడేళ్లయింది. టెలిస్కోపులు తీసిన పటాల్లో గెలాక్సీలు గుర్తించి పేర్లు రాసే యంత్రం పొరబడినచోట దిద్దడానికి మనిషి కన్ను కావాలట.

చెంచమ్మ బియ్యంలో రాళ్లేరుతూ గోడమీది తెరలో, రేడియో తరంగాలతో తీసిన ఆకాశం పటం వంక చూసింది. ఈ కొసనొక మసక, ఆ కొసనొక మసక. రెండూ వేరువేరని యంత్రం రాసేసింది.

"రెండూ ఒకటే రవళీ," అంది కోడలితో.

"అంత ఎడంలోనా? ఇప్పటికే రెండుసార్లు తప్పు చెప్పావత్తా. ఇంకోసారైతే మన వంతు లాగేసుకుంటారు."

చెంచమ్మ ముప్పయ్యేళ్లు బాతుల్ని తోలిన మనిషి. మంద అమ్మేసి పదేళ్లయినా కోడి కూయకముందే లేచి కూర్చుంటుంది. మంద రెండుగా చీలి చెరో గట్టూ పట్టినా, నడుమ కర్ర పట్టుకుని ఒక్క కాపరే ఉంటాడని ఆమెకు తెలుసు.

"నడుమ చూడు."

"ఏముందక్కడ? అంతా చీకటే."

"ఈ పటంలో కాదు, ఎక్స్‌రే పటం తియ్యి."

రవళి విసుక్కుంటూనే తీసింది. సరిగ్గా నడిమధ్యన ఒక చుక్క ధగధగా వెలుగుతోంది. రెండు పటాలూ కలిపి చూపితే యంత్రం కాసేపు తటపటాయించి, రెండు పేర్లూ కొట్టేసి, ఒక్కటే మహా గెలాక్సీ అని రాసుకుంది.

రవళి వివరాలు చదివింది. "మసకలు ఆ చుక్కే ఎప్పుడో చిమ్మి వదిలేసినవంట, చల్లారిపోతున్నాయి. చుక్క మాత్రం ఇంకా మండుతూనే ఉందత్తా, ఎందుకో!"

చెంచమ్మ చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"మంద పోయినంత మాత్రాన కాపరికి నిద్ర పడుతుందా?"