డెబ్బై, ఎనభై రెండు, తొంభై ఆరు

"ఈపాటి నీళ్లకే ఊరు ఖాళీ చెయ్యమంటావా టీచరమ్మా? కోళ్లు కూడా నవ్వుతాయి!"

ఎల్ హీకారో ఊరిపెద్ద దోన్ ఎవరిస్తో మాటకు బడి ముందు చేరిన జనం గొల్లుమన్నారు. లెక్కల టీచరు నికొలాసా నవ్వలేదు. ఎగువ వంతెన దగ్గర నది కొలత చూసే టిబుర్సియో పావుగంటకోసారి రేడియోలో చెప్పిన అంకెలను ఆమె బడి గోడ మీద సుద్దతో రాసింది: 40, 42, 46, 52, 60.

"అక్కడ నూటపది దాటితే ఇక్కడ మన కట్ట మునుగుతుంది. గంటే టైముంది," అంది.

"ఇంకా యాభై పెరగాలిగా! పావుగంటకు ఎనిమిది చొప్పున గంటన్నర పట్టుద్ది. ఈలోపు వాన ఆగదా? ఇంటి నిండా మొక్కజొన్న పెట్టుకుని గుట్టెక్కమంటావేంటి?"

"ఎనిమిదితో ఆగుతుందని ఎవరన్నారు? మొదట రెండు పెరిగింది. తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. ఈసారి పది. డెబ్బై వస్తుంది చూడండి."

"వస్తే మా అత్తను నేనే వీపున మోసుకెళ్తా!"

నికొలాసా బడిలోని రేడియో గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పావుగంట గడిచింది. కిటికీలోంచి కేక వినిపించింది.

"డెబ్బై!"

ఎవరిస్తో నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకున్నారు.

"ఎనభై రెండు!"

పందులు, కోళ్లు, చిక్కుడుగింజల మూటలు, దేవుడి పటాలు, అన్నీ గుట్టదారి పట్టాయి. ఎవరిస్తో వీపు మీద ముసలి అత్త, "మెల్లగా నడవరా గాడిదా!" అని తిడుతోంది.

"తొంభై ఆరు!"

ఆ కేక వేసి నికొలాసా కూడా పరుగెత్తింది. ఆమె గుట్ట ఎక్కిన కాసేపటికే నది కట్ట దాటింది. చూస్తుండగానే బడి పైకప్పు తప్ప ఏమీ కనిపించకుండా పోయింది. తలలు లెక్కపెట్టారు. నూట నలభై మూడు. ఒక్కటీ తగ్గలేదు.

ఎవరిస్తో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "నీ బుర్రకు దండం తల్లీ! పైన ఒంటరిగా నిలబడి చివరిదాకా అంకెలు చెప్పిన ఆ టిబుర్సియోకీ దండమే."

సాయంత్రానికి టిబుర్సియో గుట్టల మీదుగా పడుతూ లేస్తూ వచ్చాడు. ఒంటి నిండా బురద. వస్తూనే నికొలాసా చేతులు పట్టుకుని భోరుమన్నాడు.

"క్షమించు టీచరమ్మా! అరవై అని చెప్పానో లేదో, నా రేడియో తడిసి చచ్చింది. ఆ తర్వాత ఒక్క అంకె కూడా చెప్పలేకపోయాను!"